ఇచ్చిన నేలపై నివసింపవచ్చునా?

శ్రీమద్రామాయణ బాలకాండమున, మిథిలనుండి అయోధ్యకు మరలివచ్చు దారిలో పరశురాముడు శ్రీరామచంద్రునకు ఎదురుపడిన ఘట్టము పాఠకులందరకు తెలిసినదే. వైష్ణవధనుస్సును అవలీలగా ఎక్కుపెట్టిన రాఘవుడు, ఎక్కుపెట్టిన బాణము వ్యర్థము కారాదు గనుక, దీనిని దేనిపై విడువవలెనని భార్గవుని అడిగెను. నీ గమనశక్తిని హరింపనా, తపస్సుచే నీవు గెలుచుకొన్న లోకములను హరింపనా యని రెండు దారులు చూపెను. భార్గవుడు లోకములను వదలుకొనెను, పాదములను మాత్రము కాపాడుకొనెను. కారణమును తానే చెప్పెను. భూమినంతటిని కశ్యపునకు దానమిచ్చితిని. నా దేశమున నీవు వసింపరాదని ఆయన ఆజ్ఞాపించెను. నాటినుండి ఈ భూమిపై రాత్రి గడుపను. మహేంద్రగిరికి మనోవేగముతో పోవలసినవాడను. కావున నా గతిని చెరుపవలదు.

పాఠశాలలో ఈ సర్గను వల్లించిన నాడు మా దృష్టి అంతయు ధనుస్సుపైననే ఉండెడిది. పిమ్మట ముప్పది యేండ్లు పిల్లలకు పాఠము చెప్పినపుడును ఈ మాటవద్ద నేను ఆగలేదు. అన్వయము చెప్పి ముందునకు పోయితిని. ఆగవలసివచ్చినది క్రిందటి ధనుర్మాసమున, మహేంద్రగిరి వెన్నుపై ఒక పగలు నడిచినపుడు.

మహేంద్రగిరి మన శ్రీకాకుళము సీమవారికి క్రొత్తది కాదు. మందసలో శ్రీ వాసుదేవ పెరుమాళ్ళను సేవించుకొన్న యాత్రికులకు వాయవ్యదిక్కున నీలముగా కనబడు కొండ అదియే. శిఖరము 1,501 మీటర్ల ఎత్తు. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు శిఖరము అటు పోయినది, పాదభూమి ఇటు నిలిచినది. నేడది గజపతి జిల్లా. ఐనను కొండపై పుట్టిన నీరు మన వైపునకు రాక మానలేదు. మహేంద్రతనయ యను పేరు గల యేరు ఒకటి దిగివచ్చి బారువ వద్ద సముద్రమున కలియును. అదే పేరు గల మరియొక యేరు పడమటి వైపునకు పోయి వంశధారలో చేరును. ఇద్దరు కూతుళ్ళకును ఒకే పేరు పెట్టి, ఒకతెను సముద్రునికి, ఒకతెను నదికి ఇచ్చి పంపిన తండ్రి ఈ కొండ.

అది శైవక్షేత్రము కదా, అచ్చట నీకేమి పని యని నన్నడిగినవారు కలరు. కళింగ గాంగరాజులు తమ తామ్రశాసనములలో మహేంద్రశిఖరమందలి గోకర్ణేశ్వరుని స్మరించిన మాట నిజమే. నేటికిని శివరాత్రికే అచ్చట జనము కూడుదురు. భార్గవరాముడైనను మన పెద్దల మతమున ఆవేశావతారము. ముముక్షువులకు ఉపాస్యులైన వారిలో ఆయనను చేర్చరు. నేను ఉపాసనకై పోలేదు. ఇచ్చినవాడు ఎచ్చటికి పోయెనో చూచి రావలెనని పోయితిని. అట్లు పోవుటకు నా యింటిలోనే ఒక కారణము కలదు.

మాది ఉద్దానము. తాతతండ్రుల నాటి కొబ్బరితోట ఒకటి మాకు కలదు. 2018 అక్టోబరు 11వ తేదీ వేకువను తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటినపుడు ఆ తోటలో సగమునకు పైగా చెట్లు వ్రేళ్ళతో లేచిపోయినవి. తెల్లవారి చూచుసరికి తోటలో ఎన్నడును లేనంత ఆకాశము కనబడినది. ఆ మరుసటి సంవత్సరము తోటను కుమారుని పేర దఖలు చేసితిని. నేటినుండి ఈ ఆస్తిలో నాకు ఏ విధమైన హక్కును లేదని దస్తావేజులో వ్రాసిన వాక్యము నాకు కంఠస్థము. హోమమున ఆహుతి విడుచునపుడు మనము చెప్పు ‘న మమ’ యను మాటకు అదియే తెలుగని రిజిస్ట్రారు కచ్చేరీ మెట్లు దిగుచు సంతోషించితిని కూడను.

సంతోషము అంతవరకే. కుమారుడు ఖాళీ నేలలో జీడిమామిడి వేయుదుననెను. కొబ్బరి కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును, జీడి మూడు నాలుగేండ్లలో ఫలించును, పలాసలో బేరము చేతిలో ఉన్నది అని అతని లెక్క. కొబ్బరి తప్ప మరియొకటి వేయరాదని నేను పట్టుపట్టితిని. కాళిదాసును సాక్షికి పిలిచితిని. రఘువంశము నాలుగవ సర్గలో రఘుమహారాజు సైనికులు ఈ కళింగమునందే తమలపాకు దొన్నెలలో కొబ్బరి ఆసవము త్రాగినట్లున్నది గదా, పదునైదు వందల యేండ్లుగా ఉన్న చెట్టును నీవు మాన్పింతువా యంటిని. అంతటితో ఆగక, కాపలా అను పేర తోటపాకలోనే రాత్రులు పరుండుట మొదలిడితిని. ఏండ్లు గడచినను ఆ ఖాళీలు అట్లే ఉండెను. ఒకనాడు అతడు గొంతు పెంచకయే అడిగెను: “నాన్నగారూ, తోట నాకు ఇచ్చారా, నాచేత కాపలా పెట్టించారా?”

నేను సమాధానము చెప్పలేదు. రెండు నెలలు మాటాడనేలేదు. పండితులమని పేరున్నవారికి మౌనము కూడ ఒక వాదమే.

ధనుర్మాసము వచ్చినది. మహేంద్రగిరికి పోదమని మనుమడు మారాము చేసినందున తండ్రియు, కొడుకును, మనుమడును కలిసి బయలుదేరితిమి. కోవెలలో తిరుప్పావై సేవాకాలము కాగానే ప్రసాదపు పొంగలిని డబ్బాలో పెట్టుకొని పర్లాకిమిడి వైపునుండి పోయితిమి. జీపు పోవునంత దూరము పోయి, అచ్చటినుండి నడక. దారి చూపుటకు ఒక సవర యువకుడు ముందు నడిచెను.

మంచు మోకాళ్ళవరకు ఉన్నదనిన అతిశయోక్తి కాదు. గడ్డి తడిసి పంచె పిక్కలకు అంటుకొనుచుండెను. కొండ వెన్ను ఎక్కిన తరువాత మాత్రము గాలి మంచును ఒక వైపునుండి మరియొక వైపునకు దులిపివేయుచుండెను. మంచు విచ్చినపుడు తూర్పున సముద్రపు గీత, పడమట వరుసలు తీరిన కొండలు, వాలులలో సవరల పోడుచేలు. కుంతి గుడి, ధర్మరాజు గుడి, శిఖరమునకు చేరువలో భీముని గుడి. భీముని గుడి చిన్నది, రాళ్ళు మాత్రము ఏనుగులంతటివి. ఆ పేరు ఎందుకు వచ్చినదో వేరుగ చెప్పనక్కరలేదు. ధర్మరాజు తీర్థయాత్రలో ఈ గిరికి వచ్చి, చతుర్దశినాడు పరశురాముని దర్శించి, ఒక్క రాత్రి ఉండి దక్షిణమునకు సాగెనని వనపర్వము చెప్పుచున్నది. పదునొకండవ శతాబ్దినాటి చోళుల విజయశాసనమును, పులి, చేపల గుర్తులతో ఈ కొండపైననే కలదు. గెలిచినవారు వ్రాసి పోయిరి, ఇచ్చినవాడు ఏమియు వ్రాయలేదు.

ఇరుకుదారిలో నా మోకాలు మొరాయించినపుడు కుమారుడు చేయి అందించెను. రెండు నెలలకు అదియే మా మొదటి సంభాషణ. బండపై కూర్చుండి పొంగలి తినుచు నేను మనుమనికి భార్గవుని కథ చెప్పితిని. వాడు అంతయు విని, “మరి మహేంద్రగిరి కూడా భూమే కదా తాతగారూ? ఇచ్చేసినాక ఇక్కడెలా ఉన్నాడు?” అనెను.

నాకు తెలిసిన సమాధానములు రెండు. పశ్చిమతీరమున సముద్రుడు వెనుకకు జరిగి ఆయనకు శూర్పారకదేశమును ఇచ్చెనని శాంతిపర్వము; అది ఈ కొండకు చెల్లదు. రెండవది నా సొంత కల్పన: పర్వతమునకు భూధరమని పేరు, భూమిని ధరించునది భూమి కంటె వేరు గదా యంటిని. వాడు నవ్వెను. కుమారుడు నవ్వలేదు, దూరముగ చూచుచుండెను. ఆ శబ్దచమత్కారము పాఠశాలలో చెల్లును గాని ఆ బండపై చెల్లలేదు.

అప్పుడు నాకు తోచిన దానిని ఇచ్చట వ్రాయుచున్నాను. తప్పైన పెద్దలు దిద్దుదురు గాక. భార్గవుడు “భూమిపై అడుగు పెట్టను” అనలేదు, “రాత్రి గడుపను” అనెను. పగలు వచ్చుట అతిథి ధర్మము. రాత్రి నిలిచినవాడు తలుపు గడియ ఎవరు వేయవలెనో, దీపము ఎప్పుడు ఆర్పవలెనో చెప్పుట మొదలిడును. కశ్యపుడు వారించినది ఆ మాటనే యని నా యూహ. అందువలననే ఆ మహానుభావుడు తపఃఫలమైన లోకములను పోగొట్టుకొనుటకు సిద్ధపడెను గాని, సాయంకాలము లేచి వెడలిపోవు శక్తిని పోగొట్టుకొనుటకు సిద్ధపడలేదు. దానము చేసినవానికి పుణ్యము కంటె ఎక్కువ అవసరమైనది ఈ శక్తియే కాబోలు.

నా కాళిదాసు సాక్ష్యము కూడ అక్కడనే తిరుగబడినది. కొబ్బరి ఆసవపు శ్లోకమునకు మరుసటి శ్లోకమున, రఘువు ధర్మవిజయి గనుక మహేంద్రనాథుని పట్టి విడిచి, అతని శ్రీని గైకొనెనే గాని మేదినిని గైకొనలేదని యున్నది. రెండు శ్లోకములును ముప్పది యేండ్లు చెప్పితిని. కొడుకుతో వాదమునకు మొదటిదే జ్ఞప్తికి వచ్చినది. రఘువు శ్రీని తీసికొని నేలను విడిచిపెట్టెను. నేను నేలను ఇచ్చి శ్రీని దాచుకొంటిని. దస్తావేజున సంతకము చేసిన చేయి, పాకలో లాంతరు పట్టుకొన్న చేయి ఒకటే.

లంకలో హనుమ బ్రహ్మాస్త్రమునకు కట్టుబడియుండగా రాక్షసులు నమ్మకము చాలక నారత్రాళ్ళతో కూడ కట్టిరి. అస్త్రము వెంటనే తొలగిపోయెను. శరణాగతి చేసినవాడు మరల తన భారమును తాను మోయబూనుట అట్టిదని మన ఆచార్యులు దీనిని ఉదాహరింతురు. ఇన్నాళ్ళు నేనది భగవద్విషయము మాత్రమే యనుకొంటిని. తండ్రి కొడుకునకు ఇచ్చిన దానిలో కూడ అదే త్రాడు, అదే విడిపోవుట. ఒక్క సందేహము మాత్రము మిగిలియున్నది: ఇచ్చిన దానిపై ప్రేమ పోవలెనా? పోవలెనని నేను ఒప్పుకొనను. కొండకు తన తనయలపై ప్రేమ లేదని ఎవరు చెప్పగలరు? ప్రతి వర్షాకాలమును ఇచ్చుచునే యున్నది. బారువ వరకు వెంటబోయి దారి చెప్పుట మాత్రము లేదు.

“పొద్దు గూకక ముందే దిగాలి పంతులుగారూ” అని సవర యువకుడు తొందరపెట్టెను. ఈ కొండ ఎవరిదని మనుమడు వానిని కూడ అడిగెను. మా తాతలు ఇక్కడే పండించుకున్నారని మాత్రము చెప్పి, కర్ర అందుకొని ముందు నడిచెను. వాడు పుట్టిన చోటికి వచ్చి నేను చేయుచున్న తత్త్వవిచారము వానికి అవసరము లేదు.

ఇల్లు చేరుసరికి రాత్రి బాగుగా పొద్దుపోయినది. పాక తాళపుచెవి ఉత్తరీయపు కొంగున ముడివేసియుండెను. విప్పి మనుమని చేతికిచ్చి, “మీ నాన్నగారికి ఇయ్యి” అంటిని. ముడి గట్టిగా నుండుటచే విప్పుటకు కొంత సేపు పట్టినది. ఆ రాత్రి ఇంటి వీథి అరుగుపై పరుంటిని. దోమలచే నిద్ర రాలేదు, తోట వైపు కుక్క మొరిగినపుడెల్ల లేచి కూర్చుంటిని.

ఆషాఢమున వానలు పడగానే తోటలో జీడిమొక్కలు నాటిరి. నేను పగటివేళ పోయి చూచి వచ్చితిని. మొక్కకు మొక్కకు ఎనిమిది మీటర్ల ఎడమున్న మేలని నా అభిప్రాయము. ఏడే యున్నది. ఎవరితోను అనలేదు.