బొమ్మకెక్కితే గౌరవం దక్కినట్టేనా?

మన బొమ్మ అచ్చులో కనిపిస్తే మనకు సంతోషం. ఆ బొమ్మ మనల్ని గౌరవిస్తోందా, వాడుకుంటోందా అని మాత్రం ఆగి అడగం. అమెరికాలోని పాత సిగరెట్ కార్డులు మనల్ని ఈ ప్రశ్న దగ్గరికి తీసుకెళ్తాయి.

1880లలో అక్కడ సిగరెట్లను పలుచటి కాగితపు పెట్టెల్లో అమ్మేవారు. అవి నలగకుండా లోపల ఒక అట్టముక్క పెట్టేవారు. దానిమీద రంగుల బొమ్మ వేస్తే, వరుస పూర్తయ్యేదాకా జనం అదే సిగరెట్ కొంటారని వ్యాపారులు గ్రహించారు. న్యూయార్క్‌లోని కిన్నీ కంపెనీ సైనికుల బొమ్మలు వందలకొద్దీ వేసింది. గుండీలు, భుజపట్టీలు, టోపీ మీది ఈకలు శ్రద్ధగా చిత్రించారు. కింద దళం పేరు, హోదా వేశారు. చాలా కార్డుల మీద మనిషి పేరు లేదు. అక్కడ విలువ యూనిఫాంకే.

1888లో రిచ్‌మండ్ నగరంలోని అలెన్ అండ్ గింటర్ కంపెనీ 50 మంది ఆదివాసీ నాయకుల బొమ్మలు వేసింది. వీటిమీద పేర్లున్నాయి, ముఖాలున్నాయి. సిట్టింగ్ బుల్ ఉన్నాడు, జెరోనిమో ఉన్నాడు. కార్డు వెనక్కి తిప్పితే 50 పేర్ల జాబితా, కంపెనీ ప్రకటన. పోయిన భూమి గురించి ఒక్క మాట లేదు. జెరోనిమో అప్పుడు తన జనంతోపాటు అలబామాలో సైన్యం చేతిలో ఖైదీ. 1868 ఒప్పందంలో లకోటాలకు రాసిచ్చిన బ్లాక్ హిల్స్‌ను, అక్కడ బంగారం దొరికాక, 1877లో ప్రభుత్వం లాగేసుకుంది. సిట్టింగ్ బుల్ లకోటాల నాయకుడే. 1890 డిసెంబరులో అతన్ని అరెస్టు చేయడానికి వెళ్లి కాల్చి చంపినవాళ్లు ప్రభుత్వం యూనిఫాం తొడిగిన ఆదివాసీ పోలీసులు. వాళ్లలోనూ కొందరు అక్కడే చనిపోయారు.

ఆ కార్డులను ముచ్చటగా దాచుకున్న పిల్లలకు ఈ నాయకుల పేర్లు తెలిశాయి, నిజమే. కానీ పేరు తెలియడం వేరు, న్యాయం జరగడం వేరు. బొమ్మను మెచ్చుకుంటూనే మనిషిని గెంటేయవచ్చని ఆ కార్డులు చెబుతున్నాయి.

మన గుస్సాడి నెమలి ఈకల టోపీ, మన థింసా అడుగులు కూడా పోస్టర్లకెక్కుతున్నాయి. ఫొటో వద్దని మనం అనక్కర్లేదు. టీచర్లు అలాంటి బొమ్మ ఒకటి తరగతిలో చూపించి పిల్లల చేత అడిగించాలి: ఈ మనిషి పేరేమిటి? ఏ ఊరు? ఇతని పోడుకు పట్టా వచ్చిందా?