పెండ్లికి ముందు రక్తపరీక్ష: సంఘము అడుగవచ్చునా?



వివాహ ప్రకటన చదువుటకు ముందు వధూవరులు హెచ్.ఐ.వి. పరీక్ష కాగితమును సంఘ కమిటీకి చూపవలెనను మాట మనలో అప్పుడప్పుడు లేచుచున్నది. అడుగువారు చెడ్డవారు కారు. ఏ పాపము ఎరుగని ఆడపిల్లలకు భర్తల ద్వారా ఈ వ్యాధి సోకిన సంగతి మన దేశములో జరిగినదే. కన్నవారి భయము నిజమైనది. అయినను ఆ కాగితము ఏమి చెప్పునో, ఎవరికి చెప్పవలెనో ముందు తెలిసికొనుట మేలు.

మన దేశములో ఈ వైరస్ మొదట బయటపడినది 1986లో, మద్రాసులో. వైద్య కళాశాల విద్యార్థిని నిర్మల, ఆచార్యురాలు డాక్టర్ సునీతి సాలమన్ గారి పర్యవేక్షణలో రక్తపు నమూనాలు సేకరించగా, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పరీక్ష జరిగెను. ఆ ఎలీసా పరీక్ష వైరస్‌ను చూచునది కాదు. దానిని ఎదిరించుటకు శరీరము తయారుచేసికొను ప్రతిరక్షకములను చూచును. కనుక వ్యాధి సోకిన తొలి వారములలో "లేదు" అని రావచ్చును. తల్లి ప్రతిరక్షకములు బిడ్డకు వచ్చును గనుక, పదునెనిమిది నెలల లోపు బిడ్డకు వైరస్ లేకున్నను "ఉన్నది" అని రావచ్చును. అందుకే పసిబిడ్డల రక్తపు చుక్కలో వైరస్ జన్యుపదార్థమునే వెదకుదురు. పెద్దలకైనను ఒక్క పరీక్షతో తేల్చరు.

వైరల్ లోడ్ అను పరీక్ష వేరు. రక్తములో వైరస్ ఎంత ఉన్నదో అది లెక్కించును. 2004 నుండి ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్న మందులను క్రమముగా వేసికొనువారిలో ఆ లెక్క యంత్రమునకు అందనంతగా తగ్గును. వైరస్ పోయినదని కాదు, మందు మానిన తిరిగి లేచును. కాని ఆ స్థితి నిలిచియున్నంత కాలము దాంపత్యము ద్వారా జీవిత భాగస్వామికి సోకదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా మొదటి పరీక్షలో "ఉన్నది" అని వచ్చిన మనిషి వలన భార్యకు అపాయము లేకపోవచ్చును. నిరుడు "లేదు" అని వచ్చిన మనిషి వలన ఉండవచ్చును. కాగితము మీద ఒక్క మాట చూచి తీర్పు చెప్పు కమిటీకి ఈ భేదము తెలియునా?

మరి దాచి పెండ్లి చేసికొనవచ్చునా? ముమ్మాటికి కూడదు. 2018 సెప్టెంబరులో అమలులోనికి వచ్చిన హెచ్.ఐ.వి. చట్టము కూడ, సంగతి తెలిసిన వ్యక్తి ఇతరులకు సోకకుండ జాగ్రత్త తీసికొనవలెననుచున్నది. అదే చట్టము, సమ్మతి లేనిదే ఎవరికిని పరీక్ష చేయరాదనియు, ఒకరి సంగతి ఇతరులకు వెల్లడించరాదనియు చెప్పుచున్నది. భార్యకు చెప్పవలసిన సత్యము వేరు, పదిమంది కూర్చున్న గదిలో బల్ల మీద పెట్టు కాగితము వేరు.

మన సంగతి మరికొంత కష్టము. తాతల నాడు వలస వచ్చిన మనకు సంఘమే ఊరు, సంఘమే బంధుత్వము. కమిటీవారు నోరు మెదపకున్నను, రెండవ ఆదివారము ప్రకటన ఆగినచో వీధి యంతయు గ్రహించును. ఆ యువకుడు మరియొక తెలుగు సంఘమును వెదకుకొని ఎక్కడికి పోవును? అతని చెల్లెలి సంబంధమునకు ఎవరు వచ్చెదరు? భయపడినవాడు పరీక్షకే పోడు. ఏ ఆడపిల్లను కాపాడవలెనని ఈ నియమము పెట్టుచున్నామో, ఆమెకే అందువలన ఎక్కువ నష్టము.

సునీతి సాలమన్ గారు 2015లో మరణించువరకు మద్రాసులోనే ఈ రోగులకు సేవచేసిరి. వ్యాధి ఉన్నవారికి వ్యాధి ఉన్నవారితోనే సంబంధములు కుదిర్చి పెండ్లిండ్లు కూడ చేయించిరి. అక్కడ ఇద్దరికిని అంతయు తెలిసియే జరిగెను.

ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్ష ఉచితము. ముందును తరువాతను సలహాదారులు మాటాడుదురు. పెండ్లి మాటలు కుదిరిన వెంటనే, ప్రకటనకు చాల ముందే, ఇద్దరును కలిసి వెళ్ళి ఫలితము ఒకరికొకరు చెప్పుకొనవలెనని కాపరిగారు వారికి ఏకాంతమున చెప్పవచ్చును. ఫలితమేమని మాత్రము ఆయనయు అడుగకూడదు, మేమును అడుగకూడదు.