దుంపకు చలి, మనుష్యునికి బాధ

వసంతమున పూయు ట్యూలిప్ దుంపను వసంతమున నాటినయెడల ప్రయోజనము లేదు. అంతకు ముందటి శరత్కాలముననే, నేల చల్లబడిన పిదప, అది గడ్డకట్టక మునుపే నాటవలెను. 2007లో ప్రారంభమైన శ్రీనగరు ట్యూలిప్ తోటలో అక్టోబరు, నవంబరు మాసములలో నాటిన దుంపలు మార్చి చివరను, ఏప్రిల్‌లోను పూయును. మొన పైకి ఉండునట్లు, దుంప ఎత్తునకు సుమారు మూడింతల లోతున, నీరు నిలువని మట్టిలో పాతిపెట్టుదురు.

ఈ దుంపలో ఒక విశేషము కలదు. వేసవిలో త్రవ్వితీసి, ఆరబెట్టి దాచిన దినములలోనే దాని లోపల పువ్వు రూపము ఏర్పడును. అయినను సుమారు 12 నుండి 16 వారముల చలి తగులనిదే కాడ సరిగా సాగదు; మొగ్గ లోపలనే ఎండిపోవుటయు కలదు. ఆంధ్ర తీరప్రాంతపు చలికాలము దీనికి చాలదు. అక్కడ పూయింపగోరువారు దుంపలను ముందుగా రిఫ్రిజిరేటరులో ఉంచవలసినదే.

ఇది ప్రసంగీకునికి చేతికందిన ఉపమానము. "నీ చలికాలము నీ మేలు కొరకే" అని చెప్పుట ఎంత సులభము! (ఇట్టి ప్రసంగము విననివారు అరుదు.) కాని ఒకని బాధను చూచి మరియొకడు ఆ మాట చెప్పవచ్చునా?

ట్యూలిప్ తోటలకు పేరుపొందిన నెదర్లాండ్సు దేశపు పశ్చిమ భాగము, 1944-45 చలికాలమున, జర్మను ఆక్రమణ క్రింద ఆకలితో అలమటించెను. 20,000 మంది మరణించిరని అంచనా. యుద్ధము వలన నాటక మిగిలిన ట్యూలిప్ దుంపలను ప్రజలు ఉడికించి తినిరి. నడుమనున్న పసుపుపచ్చని మొలక హానికరమని దానిని ముందుగా తీసి పారవేసిరి. పువ్వు కావలసినది ఆ మొలకయే. ఆ చలి ఆ తల్లుల బిడ్డలలో ఏ పువ్వును సిద్ధపరచెను?

దుంపకు ఎంత చలి కావలెనో తోటమాలి ఎరుగును. నీరు నిలిచిన కుళ్లునని కాలువ తీయును. పొరుగువాని బాధను గూర్చి ఎవనికిని అట్టి ఎరుక లేదు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేలమీద మౌనముగా కూర్చుండినంత కాలము తప్పు చేయలేదు. కారణములు చెప్పనారంభించిన పిదపనే తప్పిపోయిరి. బాధపడినవాడు తన చలికాలమే తనకు మేలు చేసెనని తానే చెప్పినయెడల అది వినదగిన మాట. అయితే ఆ సాక్ష్యము అతనిది.

1945 ఏప్రిల్ 29న బ్రిటిషు విమానములు ఆ ఆకలి ప్రాంతముమీద ఆహారమును జారవిడువ నారంభించెను. ఆ కార్యమునకు "మన్నా" అని పేరు పెట్టిరి. అందులో వచ్చినవి పిండి, డబ్బా మాంసము.