పాత కత్తికి న్యాయమైన ధర



ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న మన తెలుగు యువకుడొకరు ఒక ప్రశ్న వ్రాసి పంపారు. అక్కడ ఆదివారం ఉదయాలు ఖాళీ మైదానాల్లో జనం కార్ల డిక్కీలు తెరిచి, ఇంట్లో అక్కరలేని పాత సామాను అమ్ముకుంటారట. ఆ సంతల్లో గడ్డం గీసుకునే పాత మడత కత్తులు, అంటే మన వాడుకలో మంగలి కత్తులు, వెదికి కొని, బాగుచేసి వాడుకోవడం ఆయనకు సరదా. కొన్నిటిని తిరిగి అమ్ముతారు కూడా. సంత కోసం పూజ మానడం లేదని ముందే వ్రాశారు, సంతోషం! ఆయన ప్రశ్న ఇది: "2 పౌండ్లకు కొన్న కత్తి 60 పౌండ్లు చేస్తుందని నాకు తెలుసు, అమ్మేవారికి తెలియదు. వారు అడిగిన ధరే ఇస్తున్నాను. ఇందులో తప్పు ఉందా ఫాదర్?"

ముందుగా ఆ వస్తువు సంగతి చూద్దాం. 1740ల దశకంలో షెఫీల్డ్ దగ్గర బెంజమిన్ హంట్స్‌మన్ మూసలో ఉక్కు కరిగించే పద్ధతి నెలకొల్పాక, ఆ ఊరి కత్తులకు గొప్ప పేరు వచ్చింది. జర్మనీలో జోలింగెన్ పట్టణం దానికి దీటుగా నిలిచింది. మూసలో ఉక్కు తీసే విద్య మనకు కొత్త కాదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. 1903లో జిల్లెట్ కంపెనీ బ్లేడు మార్చుకునే రేజర్లు అమ్మడం మొదలుపెట్టాక, మడత కత్తులు మెల్లగా పెట్టెల్లోకి చేరాయి. తాతగారు గతించాక ఆ పెట్టె సంతకు వస్తుంది.

తెలిసినవాడు ఆ కత్తి మీద చాలా సంగతులు చదవగలడు. ఉక్కు మీద నక్షత్రం, మాల్టా శిలువ గుర్తులుంటే అది జోసెఫ్ రాడ్జర్స్ వారి సరుకు. దిగుమతి వస్తువుల మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో సుంకాల చట్టం చేసింది. అందుచేత 'ఇంగ్లండ్' అనే మాట లేని షెఫీల్డ్ కత్తి అంతకంటె పాతది కావచ్చు. అమ్మే ఇల్లాలికి మాత్రం అదంతా తుప్పే.

ఇక బాగుచేయడం ఓపికతో కూడిన పని. యంత్రం మీద రాపిడి పెడితే వేడికి ఉక్కు మెత్తబడి పదును నిలవదు. అందుకని గరుకు కాగితంతో చేత్తోనే తుప్పు తీయాలి. తరువాత 1000 నంబరు సానరాయితో మొదలుపెట్టి 8000 నంబరు దాకా ఒక్కొక్క రాయి మీద నూరి, చివరకు తోలు పట్టీ మీద పదును తేల్చాలి. ఒక్క కత్తికి కొన్ని గంటలు పడుతుంది.

ఇప్పుడు ప్రశ్నకు వద్దాం. ఆ 60 పౌండ్లలో కొంత ఆ యువకుని చెమటకు ప్రతిఫలం. అది నిస్సందేహంగా ఆయనదే. వస్తువును మెరుగుపరచి ఎక్కువ ధరకు అమ్మేవాడు తన శ్రమకు ప్రతిఫలం తీసుకుంటున్నాడని పునీత తోమస్ అక్వినాస్ వారు 13వ శతాబ్దంలోనే చెప్పారు. మిగిలినది శ్రమ వల్ల వచ్చింది కాదు, అమ్మేవారి అజ్ఞానం వల్ల వచ్చింది. చిక్కంతా ఇక్కడే ఉంది.

అక్వినాస్ వారు తమ 'సుమ్మా థియొలోజియే'లో సరిగ్గా ఈ సంగతే చర్చించారు. ఒకడు తెలియక బంగారాన్ని ఇత్తడి అనుకుని అమ్ముతున్నాడు. కొనేవాడికి అది బంగారమని తెలుసు. తెలిసీ ఇత్తడి ధరకు కొంటే అది అన్యాయమనీ, ఆ నష్టాన్ని తిరిగి చెల్లించవలసిందేననీ ఆయన తీర్పు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు పునీత అగుస్తీను వారు తమకు తెలిసిన ఒక మనిషి సంగతి వ్రాశారు. ఎవరో ఒక గ్రంథాన్ని, విలువ తెలియక, చాలా చవకగా ఇస్తానన్నారు. కొనేవాడు దాని న్యాయమైన ధర ఎంతో లెక్కగట్టి అంతా ఇచ్చాడు. అమ్మినవాడు నివ్వెరపోయాడు!

"వారు అడిగిందే ఇచ్చానుగా" అంటారేమో. నిజమే, బలవంతం లేదు. కాని ఏది అమ్ముతున్నారో తెలియనివారి ఒప్పుకోలు సగం ఒప్పుకోలే. "ఈ విద్య నేర్చుకోవడానికి నాకు ఏళ్లు పట్టాయి" అనవచ్చు. విద్య మీదే. కత్తి మాత్రం, డబ్బు చేతులు మారేదాకా, ఆమెది. మీ విద్యకూ విలువ ఉంది, మీరు గుర్తించకపోతే ఆ కత్తి పాత ఇనుములోకి పోయేది. కనుక లాభంలో మీకు వాటా న్యాయమే. మొత్తం మీదే అనడం న్యాయం కాదు.

ఇక్కడ మనుషుల మధ్య తేడా కూడా చూడాలి. పాత సామాను వ్యాపారి ధరలు తెలుసుకోవడమే వృత్తిగా పెట్టుకున్నాడు. ఈరోజు మీ దగ్గర పోగొట్టుకున్నది రేపు ఇంకొకరి దగ్గర రాబట్టుకుంటాడు. అతనితో బేరం ఆడండి. న్యాయమైన ధర సూదిమొనలాంటి ఒక్క అంకె కాదనీ, కొంత హెచ్చుతగ్గులు ఉంటాయనీ అక్వినాస్ వారే ఒప్పుకున్నారు. భర్త పోయాక ఆయన పెట్టె ఖాళీ చేసుకుంటున్న ముసలమ్మ సంగతి వేరు. ఆమెతో, "అమ్మా, ఇది మంచి కత్తి. బాగుచేస్తే 60 దాకా వస్తుంది. నా పని పోను 20 ఇస్తాను" అని చెప్పండి. ఆమె ఇంకెక్కడైనా అమ్ముకుంటానంటే అది ఆమె హక్కు. మీకు ఒక కత్తి దక్కకపోవచ్చు. నిజం చెప్పినందుకు ఆ మాత్రం పోవచ్చు.

మరి మత్తయి సువార్త 13వ అధ్యాయంలో, పొలంలో నిధి కనుగొన్నవాడు యజమానికి చెప్పకుండా పొలం కొన్నాడు కదా, అని గడుసువారు అడుగుతారు. ఆ ఉపమానం పరలోకరాజ్యం కోసం ఉన్నదంతా వదులుకునే సంతోషాన్ని గూర్చి చెప్పింది, బేరసారాల నియమం కాదు. ప్రభువు తన రాకడను దొంగ రాకతో పోల్చినంత మాత్రాన దొంగతనాన్ని మెచ్చుకున్నట్టా?

ఈ న్యాయం రెండు వైపులా పదునున్నది. అదే యువకుడు రేపు అమ్మకందారు అవుతాడు. అప్పుడు తెలియనివాడు కొనేవాడు. అంచులో వెంట్రుకంత పగులు ఉంటే, మెరుగు కింద అది కనబడదు. గీసుకునేటప్పుడు చెంప మీద తేలుతుంది. పిడి కొత్తగా వేసినదైతే ఆ మాట చెప్పాలి. సెల్యులాయిడ్ పిడిని దంతమని నమ్మించడం మోసం. నిజంగా ఏనుగు దంతమే అయితే, బ్రిటన్ 2018లో చేసి 2022 నుంచి అమలు చేస్తున్న చట్టం కొద్దిపాటి మినహాయింపులతో దాని అమ్మకాన్నే నిషేధించింది. కొనేటప్పుడు "వాళ్లే తెలుసుకోవాలి" అన్నవాడికి, అమ్మేటప్పుడు కూడా అదే మాట నోటికి వస్తుంది.

ఇది ఇంగ్లండు సంత గొడవ మాత్రమే అనుకోకండి. మన వీధిలోకి పాత సామాను కొనేవాడు వస్తాడు. అమ్మమ్మగారి కంచు చెంబును ఇత్తడి కింద తూచి పట్టుకుపోతాడు. ఆ పూట మనకు కోపం వస్తుంది. మనకంటె తక్కువ తెలిసినవారి దగ్గర, చదువురాని పనిమనిషి దగ్గరో, అవసరంలో ఉన్న పొరుగువారి దగ్గరో, మనం ఏదైనా కొన్ననాడు ఆ కోపాన్ని గుర్తు చేసుకోవాలి.

ఆ యువకునికి నా జవాబు ఇది. మీ సరదా మంచిది, మానవద్దు. పాడైన వస్తువును తిరిగి పనికి తేవడం మెచ్చదగిన పని. కొనే ముందు ఒక్కటి ఆలోచించండి: ఈ కత్తిని ఎంతకు అమ్మానో రేపు ఆ ముసలమ్మకు ముఖాముఖి చెప్పగలనా? చెప్పగలిగితే కొనండి. చెప్పలేననిపిస్తే, ధర పెంచి ఇవ్వండి.