హోఫరు వారి ఆడపడుచు

లండను నగరమందలి జాతీయ చిత్రశాలలో ఒక స్త్రీ పటము కలదు. ఎత్తు 54 సెంటీమీటర్లకు కొంచెము తక్కువ, వెడల్పు 41కి కొంచెము తక్కువ. అనగా గోడకు తగిలించుకొను ఒక మోస్తరు అద్దమంత. 1470 ప్రాంతమున, జర్మనీ దేశపు దక్షిణ భాగమందున్న స్వాబియా సీమలో, ఎవరో దానిని ఫర్ చెట్టు పలకమీద నూనె రంగులతో వ్రాసిరి. ఎవరో అని యెందుకనుచున్నాననగా, ఆ చిత్రకారుని పేరును పండితులు నేటివరకు కనుగొనలేదు.

ఆ స్త్రీ తలకు తెల్లని నారబట్ట మడతలు మడతలుగా చుట్టబడియున్నది. పెండ్లియైన స్త్రీలు అట్లు తల కప్పుకొనుట ఆ దేశపు ఆచారము. చేతిలో చిన్న నీలిపూల రెమ్మ. ఆ పువ్వుకు జర్మను భాషలో 'నన్ను మరువకుము' అనుటయే పేరు. ఇంగ్లీషువారును అట్లే పిలుతురు. తలగుడ్డమీద ఒక ఈగ వ్రాలియున్నది. పటము పైభాగమున రెండే మాటలు: 'గెబోర్నె హోఫెరిన్'. హోఫరు కుటుంబమున పుట్టినది అని వాటి అర్థము. మన మాటలలో చెప్పవలెనన్న, హోఫరు వారి ఆడపడుచు. ఆమెకు తలిదండ్రులు పెట్టిన పేరు అక్కడ లేదు.

నన్ను మరువకుమని పువ్వు పట్టుకొని కూర్చున్నదానికి పేరే మిగులలేదు. ఆ పటమును 1863లో విక్టోరియా రాణి, చనిపోయిన తన భర్త ఆల్బర్టు కోరిక చొప్పున చిత్రశాలకు ఇచ్చెను. ఇచ్చినవారి పేర్లు మాత్రము చక్కగా వ్రాయబడియున్నవి.

చూడవచ్చినవారి కన్ను ఆ ఈగమీద పడక మానదు. ఆ కాలపు చిత్రకారులకు ఈగ యొక సరదా. పెట్రుస్ క్రిస్టుస్ అను ఫ్లాండర్సు చిత్రకారుడు 1446లో ఒక సన్యాసి పటము వ్రాసి, దాని చట్టమువలె వ్రాసిన అంచుమీద ఈగను నిలిపెను. ఇటలీలో జొత్తో అను బాలుడు తన గురువు వ్రాసిన బొమ్మ ముక్కుమీద ఈగను వ్రాయగా, గురువు దానిని చేతితో తోలబోయెనని వసారి యనువాడు 16వ శతాబ్దమున వ్రాసిన కథ కలదు. ఈగ మరణమునకు గురుతని, మన శరీరము నిలుచునది కాదని చూపుటకే దానిని అక్కడ ఉంచెనని కొందరందురు. పరిమళ తైలమును చెడగొట్టు ఈగల సంగతి ప్రసంగి గ్రంథములో చదివిన మనకు ఆ తలంపు వెంటనే వచ్చును. అదియు ఉండవచ్చును. అయితే నేను వ్రాసిన గుడ్డ ఎంత నిజముగా నున్నదో చూడుడి, ఈగ సయితము మోసపోయినది అని ఆ చిత్రకారుడు నవ్వుచున్నట్లే నాకు ఎక్కువగా తోచుచున్నది.

కావున ఇతని వినయమును పొగడుటకు నేను ఒప్పుకొనను. పని చేసి పేరు వ్రాసికొననివారిని చూపి, వీరు ఎంత దీనులో యని బోధించుట మనకు అలవాటు. ఆ దినములలో ఆ సీమ చిత్రకారులు అనేకులు సంతకము చేయకుండుట వాడుక. యజమానుడు, శిష్యులు కలిసి పని చేసెడివారు. ఎవరి పనియో ఊరివారికి తెలిసినదే. సంతకము లేకపోవుట అవసరము లేకపోవుటయే. తన నేర్పునకు సాక్షిగా ఈగను నిలిపినవాడు తన్ను దాచుకొన్నవాడు కాడు గదా!

ఆ స్త్రీ సంగతి వేరు. ఆమె తన పేరును తానే విడిచిపెట్టినట్లు ఆ పటములో ఏ గురుతును లేదు. ఆ రెండు మాటలు వ్రాయించినవారు ఎవరైనను వారికి వంశము చాలెను. ఇంటివారందరు ఎరిగినదే గదా, వ్రాయనేల అనుకొనియుందురు. ఒకడు తన పేరును తానే వెనుకకు పెట్టుకొనినయెడల అది వినయము. ఇతరులు అతని పేరు అడుగక పోనిచ్చినయెడల అది వారి అశ్రద్ధ. ఈ రెంటిని మనము కలిపివేయుచున్నాము. మరి ముఖ్యముగా స్త్రీల విషయములో, మన అశ్రద్ధకు వారి అణకువ యని పేరు పెట్టి తృప్తిపడుచున్నాము.

బేతనియలో ప్రభువును అభిషేకించిన స్త్రీ చేసిన పని లోకమంతట చెప్పబడునను వాగ్దానమును మార్కు వ్రాసెను గాని, ఆమె పేరు వ్రాయలేదు. యోహాను ఆ ఊరి అభిషేకమును చెప్పునప్పుడు మరియ యని వ్రాసెను. ఆ యొక్క మాట వ్రాయుట అతనికి అనవసరముగా తోచలేదు.

నా తప్పు ఒకటి ఒప్పుకొనవలసియున్నది. మా సంఘమందొక విధవరాలుండెను. గుడి ఊడ్చుట, దీపములు తుడుచుట ఆమె పని. ఎవరును నియమించినది కాదు. ఏండ్ల తరబడి ఆమెను పెద్దకుమారుని పేరు చెప్పి, ఫలానావాని తల్లి యనియే పిలిచితిని. ఆమె నిద్రించిన దినమున సమాధియొద్ద పేరు చదువవలసి వచ్చెను. కాగితము చేత పట్టుకొని నిలిచితిని, పేరు తెలియదు. ప్రక్కనున్న పెద్దను అడిగితిని, అతడును ఎరుగడు. చివరకు ఆమె మనుమరాలు, ఎనిమిదేండ్ల పిల్ల, ముందుకు వచ్చి చెప్పెను. ఆ పిల్ల నన్ను చూచిన చూపు నేటికిని నాకు జ్ఞాపకమున్నది.

హోఫరు వారి ఆడపడుచు పటమును ఒక పుస్తకములో చూచినప్పుడు ఆ సమాధియే నా కన్నుల యెదుటికి వచ్చెను. ఆ చిత్రకారుడు ఆమె యెదుట కూర్చుండి, తలగుడ్డ మడతలను ఒక్కొక్కటిగా చూచి వ్రాసెను. వ్రేళ్లమధ్య పువ్వు ఎట్లు నిలిచెనో చూచెను. వెలుతురు కొరకు ఇటు తిరుగుమనియో, కొంచెము సేపు కదలకుమనియో అతడు చెప్పవలసి వచ్చినప్పుడు, ఆమెను ఏదో యొక పేరు పెట్టి పిలిచియుండును.