నెమరువేత ఆత్మపరీక్ష యగునా?

తన తప్పును తలచుకొని బాధపడువానిని లోకము మంచివాడనును. తప్పు చేసియు నిశ్చింతగా నిద్రించువానిని కఠినాత్ముడనును. ఇందు కొంత సత్యము లేకపోలేదు. కాని బాధ యెంతకాలము సాగిన అంత మంచితన మనుకొనుట సరియేనా? ఒకే తప్పును, ఒకే అవమానమును రేయింబవళ్లు మనస్సున త్రిప్పుకొనుచుండుట ఆత్మపరీక్ష యగునా? ఇది ధర్మవిచారమునకు సంబంధించిన ప్రశ్న. గత నాలుగు దశాబ్దులలో మనశ్శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనలు ఈ ప్రశ్నపై మంచి వెలుగును ప్రసరింపజేసినవి.

ఇట్టి చింతనకు ఆంగ్లమున వారు వాడు పదము ‘రూమినేషన్’. పశువు నెమరువేయుట యని దాని మూలార్థము. మన భాషలో నెమరువేయుట యను మాట మంచి యర్థముననే ప్రసిద్ధము. చదివిన పాఠమును నెమరువేయుమని విద్యార్థులకు చెప్పుదుము, మధురస్మృతులను నెమరువేసికొందుము. ఆవు మేసిన గడ్డిని మరల నోటికి తెచ్చుకొని నమలినచో అది జీర్ణమై బలమగును, పాలగును. దుఃఖితుని మనస్సు నమలునది మాత్రము ఎంత నమలినను జీర్ణము కాదు. గడ్డి గడ్డిగానే యుండును. దవడలు మాత్రమే అలసిపోవును.

ఈ విషయమున విశేషకృషి చేసిన విదుషీమణి అమెరికా దేశస్థురాలగు సూసన్ నోలెన్ హోక్సెమా (1959–2013). 1989 అక్టోబరు 17వ తేదీన ఉత్తర కాలిఫోర్నియాలో లోమా ప్రియేటా భూకంపము సంభవించెను. దానికి రెండు వారములకు ముందే ఆమె స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున 137 మంది విద్యార్థుల మనఃస్థితిని, దిగులు కలిగినపుడు వారు ప్రవర్తించు తీరును అడిగి వ్రాసికొని యుండిరి. భూకంపము జరిగిన పది దినములకు, మరల ఏడు వారములకు వారినే పరీక్షించిరి. దిగులును నెమరువేయు అలవాటు ముందునుండియే గలవారిలో కుంగుబాటు హెచ్చుగా కానవచ్చెను. విపత్తు అందరిపైకిని వచ్చినది; దానిని మనస్సు పట్టుకొన్న తీరు వేరైనది. ఈ ఫలితములు 1991లో ప్రకటింపబడినవి.

1995లో ఆమెయు, సోన్యా ల్యుబోమిర్‌స్కీ యను మరియొక పరిశోధకురాలును ప్రకటించిన ప్రయోగములు మన ప్రశ్నకు మరింత సమీపమైనవి. దిగులుతో నున్న విద్యార్థులలో కొందరిని ఎనిమిది నిమిషములు తమ మనోభావములను గూర్చియే తలపోయుమనిరి. మరికొందరిని ఆకాశమున మేఘములు ఏర్పడు తీరు వంటి బాహ్యవిషయములను తలచుకొనుమనిరి. పిమ్మట ఇరుతెగలవారికిని నిత్యజీవితమున ఎదురగు చిక్కులను కొన్నింటిని చెప్పి, పరిష్కారము లడిగిరి. తమను గూర్చియే తలపోసినవారు చెప్పిన పరిష్కారములు బలహీనముగా నుండెను. మేఘములను తలచినవారు దిగులు లేనివారితో సమానముగా ఆలోచింపగలిగిరి. ‘నేను నా సమస్యను గూర్చి ఆలోచించుచున్నాను’ అని కుములువాడు నమ్మును. నిజమునకు ఆ కుములుటయే పరిష్కరించు శక్తిని హరించుచున్నది.

ఇక ధర్మదృష్టితో చూతము. ఒక కుమారుడు కోపమున తండ్రితో పరుషముగా మాట్లాడెననుకొందము. సమాధానపడుటకు ముందే తండ్రి కాలధర్మము చెందెను. నాటినుండి ఆ కుమారుడు ‘నే నెంతటి పాపిని’ యని ఒక మూల కూర్చుండి కుములుచున్నాడు. చూచువారికి అది పితృభక్తివలె తోచును. తన వేదనయే తాను చెల్లించు ఋణమని అతడును భావించును. కాని ఆ వేదనవలన తండ్రికి చేరిన దేమి? అదే యింట తల్లి కుమారుని పలుకుకై ఎదురుచూచుచున్నది. ఆమెకు మందు తెచ్చువాడు లేడు, ఆమెతో కూర్చుండి రెండు ముద్దలు తినువాడు లేడు. అతని చింతనలో తండ్రియు లేడు, తల్లియు లేదు; ‘నేను’ అను నొక్కటే మిగిలినది. పశ్చాత్తాపము దిద్దుబాటును కోరును. దిద్దుబాటునకు దారి చూపని వేదన ఎంత తీవ్రమైనను పశ్చాత్తాపమనిపించుకొనదు.

ఇది అతనిని నిందించుటకు చెప్పిన మాట కాదు. ‘అదంతా ఆలోచింపకుము’ అని బంధువు లిచ్చు సలహాయు నిష్ఫలమే. 1987లో డేనియల్ వెగ్నర్ అను శాస్త్రజ్ఞుడు, తెల్ల ఎలుగుబంటిని అయిదు నిమిషములు తలపకుండుడని కొందరికి చెప్పి, తలపు వచ్చినపుడెల్ల గంట మ్రోగింపుడనెను. గంట మ్రోగుచునే యుండెను. తరువాత తలచుకొనవచ్చునని చెప్పినపుడు, మొదటినుండి తలచుకొనిన వారికంటె వీరికే ఆ తలపు హెచ్చుగా వచ్చెను. తలపును త్రోసివేయుట కష్టము. దానికి వేరొక పని చూపుట సాధ్యము.

ఆ పని యెట్టిది? 2003లో నోలెన్ హోక్సెమాయు, ఆమె సహచరులును ఈ నెమరువేతలోనే రెండు పాయలు గలవని తేల్చిరి. ‘నాకే ఏల ఇట్లయినది? నే నేల ఇట్టివాడను?’ అని వగచుట ఒకటి. జరిగినదానిని తెలిసికొనగోరి శాంతముగా పరిశీలించుట రెండవది. కాలక్రమమున మొదటిది కుంగుబాటును పెంచునదిగాను, రెండవది తగ్గుదలతో కూడినదిగాను కనబడెను. ఇంగ్లండునందలి ఎక్సెటర్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎడ్వర్డ్ వాట్కిన్స్, మనస్సును ‘ఎందుకు’ అను ప్రశ్ననుండి ‘ఎట్లు’ అను ప్రశ్నకు మరలించు చికిత్సాపద్ధతిని రూపొందించెను. మన ఉదాహరణమునందలి కుమారుడు ‘నే నేల అట్లంటిని’ అని నూరుమారు లడుగుటకు బదులు ‘ఈ దినమున అమ్మకు నేను చేయగలిగిన దేమి’ అని ఒక్కమారడిగిన చాలును. ఆ ప్రశ్నకు ఉత్తరమున్నది. ఆ యుత్తరము కాళ్లను కదిలించును.

అయినను ఒక మాట మరువరాదు. కుంగుబాటు ముదిరినపుడు అది వ్యాధి. వారముల తరబడి నిద్రాహారములు చెడి, బ్రతుకుపై ఆశ సన్నగిల్లినవానికి హితోపదేశము చాలదు, వైద్యుడు కావలయును. జ్వరము వచ్చినవానిని దుర్బలుడవని మనము నిందింపము కదా! 2022 అక్టోబరున భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేసి ఉచితముగా సలహా పొందవచ్చును. అట్లు చేయుటలో అవమాన మేమియు లేదు.

ఆత్మపరీక్షకును ఆత్మపీడనకును భేదమును గుర్తించుటకు గురుతు ఒక్కటే. పరీక్ష ముగిసిన పిదప మనుష్యుడు లేచి ఎవరివద్దకో పోవును: క్షమాపణ కోరుటకో, బాకీ తీర్చుటకో, ఒకరి చేయి పట్టుకొనుటకో. పీడన ముగియదు, కూర్చున్నవానిని కూర్చున్నచోటనే యుంచును. తప్పును తలచుట ధర్మమే. తలచిన పిమ్మట లేచుటయు ధర్మమే.