తలుపు వేసి వెళ్ళిన మనిషి

ఈ వ్యాసం మొదట ఇంకోలా రాద్దామనుకున్నాను. రాబర్టా కవెల్ గురించి చదివిన కొత్తలో, ఒక్క మనిషి బతుకులో ఇన్ని బతుకులు ఎలా పట్టాయా అనిపించింది. ఆమె కార్ రేసర్. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వాయుసేన ఫైటర్ పైలట్. జర్మన్లకు చిక్కి నెలల తరబడి ఖైదులో ఉంది. 1951లో, బ్రిటన్‌లో లింగమార్పిడి ఆపరేషన్ చేయించుకున్నట్టు మనకు తెలిసిన తొలి ట్రాన్స్ మహిళ. ఒక వ్యాసానికి ఇంతకంటే ఏం కావాలి? రెండు పేజీలు ఊపుగా రాసేశాను కూడా.

అప్పుడే 1972లో ఆమె ఒక పత్రికతో మాట్లాడిన మాటలు కంటపడ్డాయి. తన తర్వాత అదే దారిలో వచ్చిన ట్రాన్స్ మహిళల గురించి అడిగితే, వాళ్ళంతా మామూలు మగవాళ్ళేననీ, ఆపరేషన్ చేయించుకుని తమని తాము వికారంగా మార్చుకున్నారనీ అంది. తన సంగతి వేరట. తనకు మగ శరీరంలో రెండు ఎక్స్ క్రోమోజోములున్నాయట, కాబట్టి తనది మార్పు కాదు, ప్రకృతి చేసిన తప్పును దిద్దుకోవడం మాత్రమేనట.

రాసిన రెండు పేజీలూ పక్కన పెట్టేశాను. తను దాటిన గుమ్మాన్ని వెనకొచ్చేవాళ్ళకు మూసేసిన మనిషిని ఏమని పొగడాలి? చాలా రోజులు ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను.

ముందు ఆమె కథ చెప్తాను. చిన్నప్పటి సంగతులు చెప్పేటప్పుడు కూడా 'ఆమె' అనే రాస్తున్నాను. ముప్ఫై మూడేళ్ళప్పుడు చట్టం ఒప్పుకుంది కాబట్టి ఆ రోజు నుంచే ఆమె ఆమె అయిందని నేననుకోవడం లేదు.

1918లో లండన్ దగ్గరి క్రాయిడన్‌లో పుట్టింది. తండ్రి సైన్యంలో పెద్ద సర్జన్, తర్వాత మేజర్ జనరల్ అయ్యాడు. చిన్నప్పటి నుంచీ ఇంజన్లంటే పిచ్చి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో బ్రూక్‌ల్యాండ్స్ రేస్ ట్రాక్‌కు వెళ్ళి, మెకానిక్‌లు తొడుక్కునే బట్టలు వేసుకుని, లోపలికి దూరిపోయేది. కార్ల కింద పడుకుని పని నేర్చుకుంది. 1939కల్లా సొంతంగా మూడు కార్లుండేవి. ఆ ఏడాదే ఆంట్‌వర్ప్ గ్రాండ్ ప్రీలో పోటీ చేసింది.

వాయుసేన మొదటిసారి ఆమెను వెనక్కి పంపేసింది. కారణం, విమానం ఎక్కితే కడుపులో తిప్పడం! ఆమె వదల్లేదు. సైన్యంలో ఇంకో విభాగంలో చేరి, 1942లో మళ్ళీ వాయుసేనలోకే వచ్చింది. శత్రువుల భూభాగాన్ని పైనుంచి ఫొటోలు తీసే స్పిట్‌ఫైర్‌లు నడిపింది. ఒకసారి ఫ్రాన్స్ మీద 31,000 అడుగుల ఎత్తులో ఆక్సిజన్ అందక స్పృహ తప్పింది. విమానం దాని మానాన అది గంటసేపు ఎగిరిందట. సగం తెలివొచ్చాక ఎలాగో ఇంగ్లండ్ చేరుకుంది.

1944 నవంబర్‌లో, రైన్ నదికి తూర్పున, ఆమె నడుపుతున్న టైఫూన్‌కి కిందినుంచి వచ్చిన గుళ్ళు తగిలాయి. దూకడానికి కావలసినంత ఎత్తు లేదు. విమానాన్ని ఎలాగో నేల మీదికి దించి ప్రాణాలతో బయటపడింది, జర్మన్లకు దొరికింది. బాల్టిక్ తీరాన బార్త్ దగ్గర స్టాలాగ్ లుఫ్ట్ 1 అనే ఖైదీల క్యాంప్‌లో పెట్టారు. తోటి ఖైదీలకు ఇంజనీరింగ్ పాఠాలు చెప్పేది. చివరి రోజుల్లో తిండి లేక క్యాంప్‌లోని పిల్లుల్ని చంపి పచ్చిగా తిన్నానని తర్వాత చెప్పింది. సుమారు 23 కిలోలు తగ్గింది. 1945లో సోవియట్ సైన్యం వచ్చి విడిపించింది.

ఆ క్యాంప్‌లోని ఒక చిన్న సంగతి నా మనసులోంచి పోవడం లేదు. ఖైదీలు నాటకాలు వేసుకునేవాళ్ళు, ఆడవేషాలూ మగవాళ్ళే కట్టాలి. ఆమెను ఒక ఆడవేషం కట్టమన్నారు. ఒప్పుకోలేదు. వేస్తే జనం తనను స్వలింగ సంపర్కుల్లో ఒకరనుకుంటారని భయపడింది. విమాన విధ్వంసక తుపాకులకు ఎదురెళ్ళిన మనిషి, చుట్టూ ఉన్నవాళ్ళు తనను ఏ గుంపులో కలుపుతారోనని భయపడింది. 1972 నాటి మాటలకు విత్తనం ఇక్కడే ఉందేమో.

యుద్ధం అయ్యాక రేసింగ్ టీమ్ పెట్టింది. బ్రైటన్‌లో, ఫ్రాన్స్‌లోని రువాన్‌లో పోటీపడింది. కానీ లోపల ఏదో కుదుటపడలేదు. యుద్ధంలో కూలిపోయిన పైలట్ కథతో వచ్చిన ఒక సినిమా చూస్తూ తట్టుకోలేకపోయింది. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళడం మొదలైంది. పెళ్ళయింది, ఇద్దరు కూతుళ్ళు, అప్పటికే సంసారం విడిపోయింది. వైద్యుల ముందు కూర్చుని తవ్వుకునే కొద్దీ, ఇన్నాళ్ళూ తొక్కిపెట్టిన స్త్రీయే తన అసలు మనిషి అని తెలిసొచ్చింది.

ఆ దశలో 'సెల్ఫ్' అనే పుస్తకం చేతికందింది. 1946లో అచ్చయింది. రాసినవాడు మైకేల్ డిలన్, డబ్లిన్‌లో వైద్యం చదువుతున్నాడు. ఆమె వెతుక్కుంటూ వెళ్ళి కలిసింది. అతను తన రహస్యం చెప్పాడు. అతను పుట్టినప్పుడు ఆడపిల్ల. సర్ హెరాల్డ్ గిలీజ్ అనే సర్జన్ అతనికి కొన్నేళ్ళపాటు పదమూడు ఆపరేషన్లు చేశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు మళ్ళీ ముఖాలు కట్టిన డాక్టర్ ఆ గిలీజే.

ఇక్కడ చట్టం అడ్డొచ్చింది. మగ శరీరం నుంచి వృషణాలు తీసేయడం ఇంగ్లండ్ పాత చట్టంలోని 'మేహెం' అనే నేరం కిందికి వస్తుందని డాక్టర్లు వెనకాడేవాళ్ళు. ఆ నేరం పుట్టుక చూడండి. మగవాడి ఒంట్లో, పోట్లాడటానికి పనికొచ్చే భాగాన్ని పోగొట్టడమే మేహెం. వృషణాలు పోతే మగవాడికి ధైర్యం తగ్గిపోతుందని న్యాయశాస్త్ర పండితులు రాశారు. అంటే ఆ శరీరం మనిషిది కాదు, రాజుగారి యుద్ధానిది. రాజుగారి యుద్ధంలో విమానం నడిపి, కూలి, ఖైదులో ఎముకల గూడై తిరిగొచ్చిన మనిషికి కూడా, యుద్ధం అయిపోయాక తన ఒళ్ళు తనది కాలేదు.

చివరికి డిలన్ చేశాడు, రహస్యంగా. అప్పటికింకా డాక్టర్ పట్టా కూడా రాలేదు. ఆ తర్వాత ఆమె లండన్‌లో ఒక గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళి, తను పుట్టుకతో ఇంటర్‌సెక్స్ అని సర్టిఫికెట్ తెచ్చుకుంది. దాని ఆధారంగానే 1951 మేలో బర్త్ సర్టిఫికెట్ మారింది, అదే నెలలో గిలీజ్ ఆపరేషన్ చేశాడు. అంతకుముందు ఆయన ఆ ఆపరేషన్‌ను శవం మీద మాత్రమే చేసి చూశాడు.

ఆ సర్టిఫికెట్ నిజమేనా? మగ శరీరంలో రెండు ఎక్స్ క్రోమోజోములు ఉన్నవాళ్ళకు పిల్లలు పుట్టరు. ఆమెకు ఇద్దరున్నారు. కాబట్టి ఆ మాట నిజమయ్యే వీలు లేదు. డిలన్ ఆపరేషన్ల కాగితాల్లో కూడా గిలీజ్ వేరే జబ్బు పేరు రాశాడు. ఆ రోజుల్లో ఈ గుమ్మం దాటాలంటే ఏదో ఒక అబద్ధం చేతిలో పట్టుకునే వెళ్ళాలి.

ఇదంతా హైదరాబాద్‌లో ఉండే నా స్నేహితురాలికి చెప్పాను. తను ట్రాన్స్ మహిళ. కవెల్‌ని తిడుతుందనుకున్నాను. కాసేపు నవ్వింది.

"నేనూ చెప్పాను అబద్ధం," అంది. హార్మోన్లు మొదలుపెట్టడానికి ఒక మానసిక వైద్యుడి లెటర్ కావాలి. ఆయన, చిన్నప్పుడు ఏ ఆటలాడేదానివి అని అడిగాడట. "బొమ్మలతో ఆడేదాన్నండీ, మగపిల్లల ఆటలు నాకు పడేవి కావు అన్నాను. మా వీధి క్రికెట్ టీమ్‌లో ఓపెనింగ్ బౌలర్‌ని నేనే! అది చెప్తే లెటర్ రాయడని భయం."

"మరి కవెల్ మీద కోపం లేదా?"

"సర్టిఫికెట్ కోసం చెప్పినదాని మీద లేదు. సర్టిఫికెట్ వచ్చి ఇరవై ఏళ్ళయ్యాక చెప్పినదాని మీద ఉంది."

నా చిక్కుముడి సగం విప్పింది ఆ మాటే. తలుపు దాటడానికి ఒక అబద్ధం చెప్పాల్సి వస్తే ఆ తప్పు తలుపు పెట్టినవాళ్ళది. కానీ దాటాక కూడా ఆ అబద్ధాన్నే పట్టుకుని, నాకు హక్కుంది, మీకు లేదు అంటే, అప్పుడది సొంత తప్పు. 1951లో కవెల్‌కి వేరే దారి లేదు. 1972లో ఉంది. ఏమీ మాట్లాడకుండా ఊరుకున్నా సరిపోయేది.

ధైర్యం అంతా ఒకటే అనుకుంటాం మనం. చావుకి భయపడని మనిషి దేనికీ భయపడదనుకుంటాం. చావుకు ఎదురెళ్ళడం ఒక ధైర్యం. నలుగురూ అసహ్యించుకునే మనుషుల పక్కన నిలబడి, 'అవును, నేనూ వీళ్ళలో ఒకదాన్నే' అనడం ఇంకో ధైర్యం. కవెల్‌కి మొదటిది దండిగా ఉంది, రెండోది లేదు. నిజం చెప్పాలంటే మనలో చాలామందికి రెండూ లేవు.

అయితే నా అసలు ఇబ్బంది ఇంకా తీరలేదు. ఆమె మంచిది కాదనడానికి ఇంకా కారణాలున్నాయి. కూతుళ్ళతో సంబంధం పూర్తిగా తెంచేసుకుంది. 1954లో తన కథని ఒక పత్రికకు 8,000 పౌండ్లకు అమ్ముకుంది, దాన్ని తప్పు అనను కానీ, ఆ కథలో పిల్లలకు చోటు లేకుండా పోయింది. 2011లో చనిపోతే అంత్యక్రియలకు వచ్చింది ఆరుగురు. బయటి ప్రపంచానికి ఆ సంగతి తెలియడానికే రెండేళ్ళు పట్టింది. కూతుళ్ళకు కూడా ఒక విలేకరి చెప్తేనే తెలిసింది. ఆపరేషన్ చేయించుకున్నందుకు ఆ పిల్లలకు అన్యాయం జరిగిందని నేననుకోను. మళ్ళీ ఒక్కసారైనా వాళ్ళ తలుపు తట్టనందుకు జరిగింది.

ఇంకా ఒక మనిషి మిగిలాడు, డిలన్. ఆమె కోసం జైలుకు వెళ్ళే ప్రమాదం నెత్తికెత్తుకున్నాడు. ఆమెను ప్రేమించాడు, పెళ్ళి చేసుకుందామన్నాడు. ఆమె కాదంది. అది ఆమె ఇష్టం. 1958లో అతని రహస్యం పత్రికలకెక్కింది. అప్పుడతను ఓడలో డాక్టర్‌గా పనిచేస్తున్నాడు. ఇంగ్లండ్ వైపు వెళ్ళకుండా మన దేశం వచ్చి బౌద్ధం తీసుకున్నాడు. లోబ్‌జాంగ్ జీవక అని పేరు మార్చుకున్నాడు. లదాఖ్‌లో ఒక మఠంలో కొన్నాళ్ళున్నాడు. 1962 మేలో డల్హౌసీలో చనిపోయాడు, వయసు నలభై ఏడు. తను దాటిన గుమ్మం దగ్గరే నిలబడి ఇంకొకర్ని చెయ్యి పట్టి దాటించిన మనిషి అతను. ఆమె చేసింది ఇంకొకటి.

డిలన్‌ని మెచ్చుకుని, కవెల్‌ని తీసి పక్కన పెడితే వ్యాసం సుఖంగా ముగిసేది. అలాగే ముగించబోయాను. కానీ అప్పుడే నేను ఏం చేస్తున్నానో నాకు కనబడింది. కవెల్ మంచిదా కాదా, తోటివాళ్ళతో ఎలా ఉంది, పిల్లల్ని ఎలా చూసుకుంది అని లెక్కలు చూసి, ఆ లెక్క తేలాక ఆమె జీవితాన్ని ఒప్పుకోవాలా వద్దా అని నిర్ణయిస్తున్నాను. నా స్నేహితురాలిని నీ చిన్నప్పుడు ఏ ఆటలాడావు అని అడిగిన డాక్టర్ కుర్చీలోనే కూర్చున్నాను నేను కూడా. సర్టిఫికెట్ మాత్రమే వేరు.

ఎవరికైనా తన ఒళ్ళు తనది కావడానికి మంచితనం అర్హత కాకూడదు. చెడ్డ మగవాడు మగవాడిగానే బతుకుతాడు, ఎవరూ కాగితం అడగరు. స్వార్థపరురాలైన ట్రాన్స్ మహిళ కూడా మహిళే. ఆమె మాట్లాడిన మాటలు తప్పు. ఆ తప్పు ఆమె మనిషితనానిది, ఆమె స్త్రీత్వానిది కాదు. ఈ రెండిటినీ విడదీసి చూడటం ఆమెకు చేతకాలేదు. తనకు హక్కు క్రోమోజోముల వల్ల వచ్చిందని నిరూపించుకోవడానికి జీవితమంతా తంటాలు పడింది. ఆమె ఇతరులకు ఇవ్వనిదాన్ని మనం ఆమెకు ఇవ్వాలి. మన పెద్దమనసు చూపించుకోవడానికి కాదు. ఇవ్వకపోతే ఆమె వాదనే నెగ్గినట్టు కాబట్టి.

చివరగా ఒక చిన్న సంగతి. స్త్రీగా మారాక ఆమె రేసులు మానలేదు. 1957లో షెల్‌స్లీ వాల్ష్ కొండ దారి మీద పోటీపడింది. విమానాలు నడపడమూ మానలేదు. ముసలితనంలో కూడా ఆమె ఇంటి ముందు పెద్ద ఇంజన్ల కార్లే ఉండేవి. మగతనం చూపించుకోవడానికి ఇవన్నీ చేసుంటే, ఆ అవసరం తీరాక మానెయ్యాలి కదా? ఇంజన్లంటే ఆమెకు ఇష్టం, అంతే.

ఇది చెప్తే నా స్నేహితురాలు అంది, "ఈ ఆదివారం మా అపార్ట్‌మెంట్ వాళ్ళ మ్యాచ్ ఉంది. బౌలింగ్ నేనే. వచ్చి చూడు."

వెళ్ళాలి.